ఆక్సిజన్ సిలిండరు నింపేందుకు ఎంతవుతుంది?

ఇంటి వద్ద రోగికి ఆక్సిజన్ అందిస్తున్న కుటుంబాలు సిలిండరు నింపే ఖర్చుపై అవగాహన కలిగి ఉండాలి. పెద్దదైన డి-టైప్ సిలిండరులో సుమారు 7 ఘనపు మీటర్లు, చిన్నదైన బి-టైప్‌లో 1.5 ఘనపు మీటర్ల వాయువు పడుతుంది. 2020 సెప్టెంబరులో జాతీయ ఔషధ ధరల నియంత్రణ సంస్థ నింపే కేంద్రం వద్ద ఘనపు మీటరుకు గరిష్ఠ ధరను జీఎస్టీ కాక రూ.25.71గా ఆరు నెలలకు నిర్ణయించింది. ఆ లెక్కన పెద్ద సిలిండరులోని వాయువు విలువ దాదాపు రూ.180 మాత్రమే. రవాణా, అద్దె, డిపాజిట్ దీనికి అదనం. కనుక బిల్లులో వీటిని విడివిడిగా రాయించుకోవాలి.

నిమిషానికి 2 లీటర్ల చొప్పున వాడితే చిన్న సిలిండరు 12 గంటలు, పెద్దది 58 గంటల వరకు వస్తుంది. నిండు సిలిండరులో ఒత్తిడి చదరపు సెంటీమీటరుకు సుమారు 150 కిలోలు ఉంటుంది. మీటరు ముల్లు సగంలో ఆగితే వాయువూ సగమే ఉన్నట్లు. అర్ధరాత్రి అవస్థ పడకుండా తీసుకునేటప్పుడే చూసుకోవడం శ్రేయస్కరం.