రాకాసిగుళ్ళ కథ

మైలాపూరున స్థిరపడిన మన కుటుంబములవారు చెంగల్పట్టు, మధురాంతకము వైపు ప్రయాణము చేయునపుడు, కంపచెట్ల నడుమ వలయముగా పాతిన బండలను, వాని మధ్య పోసిన రాళ్ళకుప్పలను చూచియే యుందురు. ఇవి యేమని యడిగినచో అచటి తమిళులు "పాండవకుళి" యందురు. గోదావరీతీరపు టడవులలోని యిట్టి కట్టడములకు మన పూర్వులు "రాకాసిగుళ్ళు" అని పేరు పెట్టిరి. ఇంతటి బండల నెత్తుట మానవమాత్రులకు సాధ్యమా యను ఆశ్చర్యమే యీ రెండు పేళ్ళకును మూలము.

నిజమునకు ఇవి మానవుల సమాధులు. ఇంచుమించు మూడువేల యేండ్లకు పూర్వము ఇనుము నెఱిగిన దక్షిణదేశపు జనులు తమవారి యస్థికల నిట్లు పదిలపఱచిరి.

ఈ పరిశోధనలో మన నగరప్రాంతమునకు మంచి పేరు కలదు. 1863 మే 30వ తేదీని పల్లావరమున రాబర్ట్ బ్రూస్ ఫుట్ ఈ సమాధులకంటె ఎంతయో ప్రాచీనమైన, ఆదిమానవుని రాతిపనిముట్టును కనుగొనెను. ఆ శతాబ్దము ముగియకమునుపే అలెగ్జాండర్ రీ అచటనే కాల్చిన మట్టితో చేసిన, పొట్టికాళ్ళుగల శవపేటికలను వెలికి తీసెను. 1950, 1952 సంవత్సరములలో మధురాంతకము చెంతనున్న సాణూరున పురావస్తుశాఖవారు త్రవ్వగా రాతివలయముల క్రింద అట్టి పేటికలును, ఇనుప పనిముట్లును, కుండలును బయల్పడెను.

ఆ కుండలు లోపల నలుపు, వెలుపల ఎఱుపు. బోర్లించి కాల్చుటచే గాలి తగులని లోపలిభాగము నల్లబడి, గాలి తగిలిన వెలుపలిభాగము ఎఱ్ఱబడెనని పండితు లందురు. 1947లో మార్టిమర్ వీలర్ కన్నడదేశపు బ్రహ్మగిరిని త్రవ్వినపుడును, పిమ్మట నాగార్జునకొండ లోయ త్రవ్వకములలోను ఇట్టి కుండలే దొరకెను. గోదావరీ ప్రాంతమున జానంపేట, దామరవాయి అడవులలో మాత్రము సమాధిని నేలపైననే బండలతో గదివలె కట్టి, ఒక పెద్దబండను కప్పుగా నుంచిరి. పద్ధతులలో భేద మున్నను, పోయినవారిని మఱువరాదను తలంపు ఒక్కటియే.

పాలారునుండి గోదావరివఱకు వ్యాపించిన యీ సమాధులలోని వారు ఏ భాష మాట్లాడిరో రాళ్ళు చెప్పవు. మనము ఈ నేలకు ఎప్పుడు వచ్చితిమని లెక్కించుకొను వేళ, తెలుగుసీమకును తమిళసీమకును ఇంతటి ప్రాచీనమైన ఉమ్మడి వారసత్వ మున్నదని యెఱుగుట మేలు.

ఆ వారసత్వము నేడు కరిగిపోవుచున్నది. కంకరకై కొందఱు, ఇండ్లస్థలములకై కొందఱు, నిధి దొరకునను నాశతో మఱికొందఱు ఈ గుట్టలను పెల్లగించుచున్నారు. నిధికై త్రవ్వినవారికి మిగులునవి ఎముకలును, పెంకులును మాత్రమే. ఏ కుండ ఏ యస్థిక చెంత నుండెనో యను సంగతియే చరిత్రకారునకు నిధి; ఒకమాఱు చెదరిన పిమ్మట అది మరల లభింపదు.

కావున మన పిల్లలను 1851లో స్థాపితమైన ఎగ్మూరు మ్యూజియమునకు తీసికొనిపోయి ప్రాచీన సమాధివస్తువులను చూపింతము. దారిలో రాళ్ళకుప్ప కనబడినపుడు ఒక్క రాయినైనను కదలింపక, "ఇచట మన పూర్వు లున్నారు" అని వారికి చెప్పుదము.