గల్ఫ్ దరఖాస్తు: పాస్‌వర్డ్ ఏజెంటు దగ్గర, అప్పు మన ఇంట్లో

ఒకప్పుడు పాలమూరు వలసకు దరఖాస్తు లేదు. మేస్త్రీ అడ్వాన్సు ఇచ్చేవాడు, కుటుంబం మూట కట్టుకొని బొంబాయి బస్సెక్కేది. నాగార్జునసాగర్, శ్రీశైలం ప్రాజెక్టుల పనుల్లో పాలమూరు కూలీల చెమట ఉంది, అందులో దళితవాడల చెమటా ఉంది. గల్ఫ్ వలస ఉత్తర తెలంగాణలోనే ఎక్కువ. అయినా మహబూబ్‌నగర్, నల్లగొండ ప్రాంతాల నుంచి పోయేవాళ్లూ ఉన్నారు. ఈ దారిలో ప్రతి మెట్టూ ఆన్‌లైనే. ఫారం ఎవరు నింపుతున్నారో, ఓటీపీ ఎవరి ఫోనుకు వస్తున్నదో వాళ్లే కొత్త మేస్త్రీలు. అందుకే ఈ ప్రక్రియను మొదటి నుంచి చివరి దాకా ఇక్కడ వివరిస్తున్నాం.

పాస్‌పోర్టు: మొదటి ఫారం

పాస్‌పోర్టు సేవ పోర్టల్‌లో దరఖాస్తు చేయాలి. పెద్దలకు 36 పేజీల మామూలు పాస్‌పోర్టు రుసుము 1,500 రూపాయలు. తర్వాత అసలు పత్రాలతో హాజరు కావాలి. దానికి హైదరాబాద్ దాకా పోనక్కరలేదు. మహబూబ్‌నగర్, నల్లగొండ, వనపర్తి, భువనగిరిలలో పోస్టాఫీసు పాస్‌పోర్టు కేంద్రాలున్నాయి. పోలీసు విచారణకు వేరే రుసుమేమీ లేదు.

ఇంటర్నెట్ సెంటర్‌లో ఫారం నింపించుకుంటే తప్పులేదు. కానీ ఫోన్ నంబరు, ఈమెయిల్ మీవే ఇవ్వండి, పాస్‌వర్డ్ రాసి పెట్టుకోండి. ఏజెంటు నంబరు ఇస్తే తర్వాత వచ్చే ప్రతి సమాచారం ఆయనకే పోతుంది.

ఇంటిపేరు గడిని ఖాళీగా వదలొద్దు. మన వాడల్లో చాలామంది ఆధార్‌లో ఒక్క పేరే ఉంటుంది, లేదా ఇంటిపేరు పొట్టి అక్షరంగా ఉంటుంది. యూఏఈ 2022 నవంబరు నుంచి ఒకే పేరున్న పాస్‌పోర్టులకు విజిట్ వీసాలు ఆపింది. ముందు ఆధార్‌లో పేరు, పుట్టిన తేదీ సరిచేయించుకొని, ఆ తర్వాతే పాస్‌పోర్టుకు పోవాలి.

ఈసీఆర్ ముద్ర ఎవరికి పడుతుంది?

పదో తరగతి పాసైన మెమో చూపలేనివారి పాస్‌పోర్టు మీద సాధారణంగా 'ఈసీఆర్' అని వస్తుంది. అంటే గల్ఫ్ దేశాలు, మలేసియా సహా 18 దేశాలకు పనికోసం పోవాలంటే కేంద్రం అనుమతి కావాలి. 1983 వలస చట్టం పెట్టిన నిబంధన ఇది. బొంబాయి వలసలో బడి మానేసిన పిల్లలు పెద్దయ్యాక ఈ ముద్రతోనే బయల్దేరుతారు. బడి అందరికీ ఒకేలా అందలేదు కాబట్టి ఈ ముద్రలో కులం కూడా ఉంది.

అయితే ఈ ముద్రను అవమానంగా చూడొద్దు. అనుమతి కావాలంటే యజమాని, జీతం, ఒప్పందం అన్నీ రికార్డులోకి ఎక్కాలి. మోసం జరిగితే మనకు ఆధారం అదే.

ఈమైగ్రేట్‌లో ఏం జరుగుతుంది?

విదేశీ యజమాని ముందుగా ఈమైగ్రేట్ పోర్టల్‌లో నమోదవుతాడు. లైసెన్సు ఉన్న ఏజెంటు కార్మికుడి వివరాలు, వీసా, ఒప్పందం అందులో పెడతాడు. ప్రొటెక్టర్ ఆఫ్ ఎమిగ్రెంట్స్ కార్యాలయం పరిశీలించి అనుమతి ఇస్తుంది. మన ప్రాంతానికి ఆ కార్యాలయం హైదరాబాద్‌లో ఉంది.

ప్రవాసీ భారతీయ బీమా యోజన కూడా తప్పనిసరి. ప్రీమియం రెండేళ్లకు 275, మూడేళ్లకు 375 రూపాయలు. ప్రమాదంలో చనిపోయినా, శాశ్వత వైకల్యం వచ్చినా 10 లక్షల రూపాయలు వస్తాయి. నామినీ గడిలో భార్య పేరో తల్లి పేరో సరిగా పడిందా లేదా చూసుకోవాలి.

ఈసీఆర్ పాస్‌పోర్టు ఉన్న మహిళలకు 30 ఏళ్లు నిండాలి. వారి నియామకం ప్రభుత్వ సంస్థల ద్వారానే జరగాలి. తెలంగాణలో ఆ సంస్థ టామ్‌కామ్.

ఏజెంటును ఎలా పరీక్షించాలి?

- పోర్టల్‌లో లైసెన్సు ఉన్న ఏజెంట్ల జాబితా ఎవరైనా చూడొచ్చు. ఊరికి వచ్చినాయన పేరు కాదు, ఆయన చెప్పే కంపెనీ పేరు, లైసెన్సు నంబరు అందులో వెతకండి.
- ఏజెంటు తీసుకోదగిన గరిష్ఠ సేవా రుసుము 30,000 రూపాయలు, పైన జీఎస్టీ. అంతకంటే ఎక్కువ అడగడం చట్టవిరుద్ధం. పైసలకు రసీదు అడగండి.
- "విజిట్ వీసా మీద పో, అక్కడ మార్పిస్తా" అంటే ఒప్పుకోవద్దు. అలా పోతే ఈమైగ్రేట్‌లో మీ పేరుండదు, బీమా ఉండదు, ఒప్పందం ఉండదు.
- ఒప్పందం కాపీ విమానాశ్రయంలో కాదు, ఇంటి దగ్గరే చేతికి రావాలి.

భూమిని పణంగా పెట్టొద్దు

ఏజెంటుకు కట్టేందుకు నూటికి మూడు రూపాయల మిత్తికి అప్పు తేవడం, ప్రభుత్వం ఇచ్చిన అసైన్డ్ భూమిని ఆసామికి రాసివ్వడం మన వాడల్లో కొత్త కాదు. 1977 అసైన్డ్ భూముల బదలాయింపు నిషేధ చట్టం ప్రకారం ఆ భూమి అమ్మకం, కౌలు, తాకట్టు చెల్లవు. సహకార సంఘాలు, బ్యాంకుల రుణాల వంటి కొన్నింటికే మినహాయింపు. తెల్లకాగితం మీద రాసిచ్చి ఉన్నా తహసీల్దారుకు దరఖాస్తు పెట్టుకోవచ్చు. గల్ఫ్ ఉద్యోగం పోతే మళ్లీ దొరకొచ్చు. చేజారిన ఎకరం తిరిగి రావడానికి ఏళ్లు పడుతుంది.

ఆపద వస్తే

జీతం ఆపినా, పాస్‌పోర్టు గుంజుకున్నా భారత రాయబార కార్యాలయానికి చెప్పాలి. కేంద్రం 2015లో తెచ్చిన మదద్ పోర్టల్‌లో కుటుంబమే ఇక్కడి నుంచి ఫిర్యాదు నమోదు చేయొచ్చు. ఏజెంటు మోసం చేస్తే పోలీస్ స్టేషన్‌లోనూ, ప్రొటెక్టర్ కార్యాలయంలోనూ రాతపూర్వకంగా ఇవ్వాలి. గల్ఫ్‌లో చనిపోయిన కార్మికుల కుటుంబాలకు 5 లక్షల రూపాయల సాయం ఇవ్వాలని తెలంగాణ ప్రభుత్వం 2024లో నిర్ణయించింది.

ఈ ఫిర్యాదులన్నిటికీ కాగితాలు కావాలి. కాబట్టి బయల్దేరే ముందు పాస్‌పోర్టు, వీసా, ఒప్పందం, బీమా, అనుమతి పత్రం, ఏజెంటు రసీదు జిరాక్సులు రెండు సెట్లు తీయించండి. ఒకటి మీ వెంట, ఒకటి ఇంట్లో. ఇంట్లో చదవగలిగిన బిడ్డకు అవి ఎక్కడున్నాయో చెప్పి, పాస్‌వర్డ్ కూడా రాసిచ్చి పోండి.