అనంతపురం కరవు చరిత్ర: అంతర్జాల వనరులు, మారిన సరిహద్దులు

1876-78 మహాక్షామ కాలపు నివేదికల కోసం డిజిటల్ గ్రంథాలయాలలో ‘అనంతపురం జిల్లా’ అని వెతికితే ఫలితం ఉండదు. అప్పటికి ఆ జిల్లాయే లేదు. 1882లో బళ్ళారి నుండి వేరుపడింది. కనుక ధర్మవరం, పెనుకొండల మరణాల లెక్కలను బళ్ళారి పేరుతోనే వెతకాలి. కదిరికైతే కడప నివేదికలే ఆధారం, 1910 వరకు ఆ తాలూకా అక్కడిదే.

ఇంటర్నెట్ ఆర్కైవ్‌లో లభించే డబ్ల్యూ. ఫ్రాన్సిస్ గెజిటీర్ (1905) పేరులో అనంతపురం ఉంది గనుక ముందుగా అదే చేతికందుతుంది. కాని అది పాలనాధికారి తరువాత కూర్చిన సంకలనం. మద్రాసులో క్షామ సహాయనిధి కార్యదర్శిగా పనిచేసిన పాత్రికేయుడు విలియం డిగ్బీ గ్రంథం 1878 నాటిది. సాక్ష్యంగా దానికే విలువ ఎక్కువ.

2022లో ఈ మూడు ప్రాంతాలూ శ్రీ సత్యసాయి జిల్లాలో చేరాయి. పేరొక్కటే చూసి పాత, కొత్త గణాంకాలను పోల్చితే అనంతపురంలో కరవు తగ్గినట్లే కనిపించవచ్చు.