కాదనువారికి ఐదు కాసులు

ఊరిలో నలుగురు ఒకచోట కూడుట కష్టము కాదు. కూడినవారి మాటలవలన చెఱువుకట్ట బాగుపడుటయు, లెక్క తేలుటయు కష్టము. సభ చేరినంతనే ప్రతి మాటకును అడ్డుతగులువా డొకడు లేచును. ఏండ్ల తరబడి పెత్తనము వదలనివా డొకడు మౌనముగా కూర్చుండి చూచుచుండును. ఇట్టివారిని చూడని శ్రోతలు మీలో ఉందురని నేననుకొనను. ఈ చిక్కు ఎంత ప్రాచీనమైనదో తెలిసికొనుటకు తమిళదేశపు ఆలయముల గోడలను చూడవలెను.

తిరునెల్వేలి ప్రాంతమున మానూరు అను గ్రామము కలదు. అచటి ఆలయమున పాండ్యరాజైన మారంజడైయన్ కాలపు శాసన మొకటి వట్టెళుత్తు లిపిలో నున్నది. కాలము సుమారు క్రీ.శ. 800. అందు సభవారు తమ నడవడికి తామే కట్టడి చేసికొనిరి. గ్రామమున భాగము కలవారి కుమారులలో, శాస్త్రము చదివి సద్వర్తనులైనవారు మాత్రమే సభలో మాటాడవలెను. భాగమునకు ఒక్కడే రావలెను. ఇంతవఱకు వింత లేదు. అటుపిమ్మట నున్న నియమమే చోద్యము. సభలోనికి వచ్చిన ప్రతి ప్రతిపాదనకును ‘కాదు, కాదు’ అని అడ్డుపడువాడును, వానికి వంత పాడువారును, అట్లు అడ్డుపడిన ప్రతి విషయమునకును ఐదేసి కాసులు దండుగ చెల్లింపవలెను.

ఈ నియమము విన్నంతనే నవ్వు వచ్చును. ఆలోచించినకొలది భయమును కలుగును. నిజముగా అన్యాయమును చూచి, ఒంటరిగా ‘కాద’ని నిలిచిన సజ్జనుని నోరు మూయుటకును ఆ ఐదు కాసులే చాలును గదా! అయితే శాసనకర్తలు ఒక్కమాఱు కాదనుటను నేరముగా నెంచలేదు. విషయ మేదైనను కాదనుటయే వృత్తిగా పెట్టుకొనుటను నేరముగా నెంచిరి. ఆ ‘ప్రతి’ అను మాటయే సజ్జనునికి రక్ష. ఆ రక్ష ఎంత గట్టిదో తీర్పరుల మనస్సును బట్టి యుండును.

మానూరువారు మాటల తగవును చక్కబెట్టిరి. కాంచీపుర ప్రాంతమునందలి ఉత్తరమేరూరు సభవారికి పెత్తనమును గూర్చి దిగులు కలిగెను. చోళరాజైన మొదటి పరాంతకుని పండ్రెండవ యేట, అనగా 919లో, వారొక కట్టడి చేసిరి. రెండేండ్లకే, 921లో, దానిని మార్చి మఱల వ్రాసిరి. మొదట ముప్పదికి పైబడి అఱువదికి లోబడిన వయస్సు కావలెననిరి. పిమ్మట ముప్పదియైదు మొదలు డెబ్బదివఱకు అనిరి. పావు వేలికి మించిన పన్ను చెల్లించు భూమి, సొంత స్థలమున కట్టుకొన్న యిల్లు, వేదజ్ఞానము ఉండవలెను. గడచిన మూడేండ్లలో ఏ వారియమునందైనను, అనగా ఉపసంఘమునందైనను, ఉండినవాడు పనికిరాడు.

లెక్క అప్పగింపనివాని విషయమున వారు చూపిన కాఠిన్యము మఱి యెచటను నేను చూడలేదు. అట్టివాడు పనికిరాకపోవుట సరే. వాని పెదతల్లి పినతల్లి కుమారులును, మేనత్త కొడుకులును, మేనమామయు, ఆతని కొడుకులును, పినతండ్రి పెదతండ్రులును, అన్నదమ్ములును, మామగారును, బావమఱదియు, అక్కచెల్లెండ్ర భర్తలును, మేనల్లుండ్రును, అల్లుడును, తండ్రియు, కొడుకును పనికిరారు! లెక్క యెగవేసినవాడు తాను తప్పుకొని బావమఱదిని పంపుట ఆ కాలమునను ఉండెనని యూహింపవచ్చును.

ఎన్నికయు అంత జాగరూకతతోనే జరిగెడిది. ఊరిలోని ముప్పది వాడలకును వేఱువేఱుగా తాటాకుల చీటీలపై పేళ్లు వ్రాసి, కట్టలు కట్టి కుండలో వేయుదురు. ఆబాలవృద్ధము సభ చేరగా, అర్చకులలో పెద్దవాడు లేచి, చూపు పైకి నిలిపి, అందఱకును కనబడునట్లు కుండ నెత్తును. లోపల నేమున్నదో ఎఱుగని బాలుడొకడు ఒక వాడ కట్టను వేఱొక కుండలోనికి మార్చి, కుదిపి, అందొక చీటి తీయును. మధ్యస్థుడు దానిని ఐదు వ్రేళ్లును చాచిన అఱచేత అందుకొని చదువును. పిమ్మట అర్చకు లందఱును చదువుదురు. అఱచేయి చాచుమనుట యెందుకో వేఱుగా చెప్పనక్కఱలేదు. ఎన్నికైన ముప్పదిమందిలో పండ్రెండుగురు సంవత్సర వారియమునకును, పండ్రెండుగురు తోటల వారియమునకును, ఆర్గురు చెఱువు వారియమునకును పోవుదురు. గడువు 360 దినములు. నడుమ తప్పు పట్టుబడినచో అప్పుడే తొలగింపు.

తెలుగువారింట పుట్టి తమిళదేశచరిత్రను వ్రాసిన నీలకంఠశాస్త్రిగారు ఈ శాసనములను విపులముగా చర్చించిరి. వీనిని చదివి మన పూర్వులకు సర్వజనస్వామ్యము తెలియునని మురియువారు కలరు. నేను మురియజాలను. ఈ రెండును బ్రాహ్మణ భూస్వాముల సభలు. పొలము దున్నినవానికిని, ఆ చెఱువు త్రవ్వినవానికిని, స్త్రీలకును ఆ కుండలో చీటి లేదు. దొంగ లెక్కలవానిని వెలుపల నిలిపిన గోడయే వీరినిగూడ వెలుపల నిలిపినది.

అయినను ఒక్క విషయమున వారిని మెచ్చక తప్పదు. తాము చేసిన కట్టడి చాలలేదని రెండేండ్లలో ఒప్పుకొనిరి. ఆ రెండు శాసనములును వైకుంఠపెరుమాళ్ కోవెల గోడలపై నేటికి నున్నవి. క్రొత్తది చెక్కినపుడు పాతదానిని చెఱిపివేయలేదు.