పేరులో పొరలు

మొన్న మా ఆత్రేయపురంలో, పూతరేకు పొరలు విప్పినట్లు ఓ సినిమా పేరు విప్పవలసి వచ్చింది నాకు! మా పెద్దమ్మ మనవడు రాజమండ్రి నుంచి వస్తూ, స్నేహితుడిచ్చాడని వేలెడంత పెన్‌డ్రైవు తెచ్చి టీవీకి తగిలించాడు. అందులో ఓ డబ్బింగు సినిమా. సినిమా పేరెందుకు గాని, దాని తోక ఇదీ: 2022.1080పి.వెబ్-డీఎల్.టెల్+టామ్.డీడీ5.1.ఎక్స్264.1.4జీబీ.

"ఇదేం పేర్రా, గూడ్సుబండిలా!" అంది పెద్దమ్మ.

ఒకప్పుడు కంప్యూటరులో పేరుకి ఎనిమిదే అక్షరాలు, చుక్క పెట్టి మరో మూడు. 1995లో విండోస్ కొత్త రూపంతో వచ్చాక 255 అక్షరాల దాకా వీలు చిక్కింది. ఇక ఆగుతారా? శుభలేఖలో పెళ్ళికొడుకు డిగ్రీలు వేసినట్లు అన్నీ పేరులోకే ఎక్కించారు. ఖాళీ వదిలితే కొన్ని యంత్రాలు తికమకపడేవి గనుక మధ్యన చుక్కలు.

1080 అంటే తెరమీద ఒకదాని కిందొకటి వుండే గీతల లెక్క. వెబ్-డీఎల్ అంటే ఓటీటీ నుంచి వున్నదున్నట్లు దింపినది. హాల్లో కూచుని చాటుగా కెమెరాతో పడితే 'క్యామ్'. అందులో ముందువరస ఆయన లేచి వెళ్ళడం కూడా కనిపిస్తుంది! 2023లో సవరించిన చట్టం ప్రకారం దానికి మూడేళ్ళ దాకా జైలు. ఎక్స్264 బొమ్మని నొక్కి చిన్న మూటకట్టే పద్ధతి. 5.1 అంటే అయిదు స్పీకర్లు, బరువైన శబ్దానికి ఇంకొకటి. 1.4 జీబీ సంగతి మరీ తమాషా. సీడీకి 700 ఎంబీ పట్టేది, ఇది రెండు సీడీల కొలత. సీడీలు పోయాయి గాని కొలత పోలేదు, మనింట్లో సోలా తవ్వా మాటలు మిగిలినట్లే.

'టెల్' అంటే తెలుగు. నా మనసు అక్కడే ఆగిపోయింది. 1950లో 'నీరా ఔర్ నందా' అనే హిందీ సినిమాని 'ఆహుతి'గా మన భాషలోకి తెచ్చినప్పుడు మాటలూ పాటలూ రాసింది శ్రీశ్రీ. తెలుగులో అదే మొదటి డబ్బింగు చిత్రం. పరాయి పెదవుల కదలికకి మన మాట అతికించడం ఎంత కష్టమో చూడండి! 1992లో 'రోజా'కి రాజశ్రీ ఆ పనే చేశారు. సరిత, రోజారమణి ఎందరు కథానాయికలకి గొంతిచ్చారో! మూటకట్టిన పద్ధతికి పేరుంది గాని, గొంతిచ్చిన మనిషికి లేదు. ఆ మాటకొస్తే మా వూరి పూతరేకులకి 2023లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. పెట్టె మీద దుకాణం పేరు, నెయ్యి, బెల్లం అన్నీ అచ్చేస్తారు. బోర్లించిన కుండ మీద, ఆ సెగలో రేకు తీసినావిడ పేరు ఏ పెట్టె మీదా నేను చూడలేదు.

"అయితే ఇది దొంగసరుకేనన్నమాట. తీసెయ్యరా. చందా కట్టినదాంట్లో పెట్టు," అంది పెద్దమ్మ.

వాడు నసుగుతూనే వెతికి పెట్టాడు. కథ మొదలై నాయిక నోరు విప్పగానే పెద్దమ్మ, "ఈ పిల్లకి గొంతెవరిదిరా?" అంది.

"ఎక్కడా రాయలేదు మామ్మా."

"చివర్లో పేర్లు వేస్తారుగా. అప్పుడు మాత్రం ఆపెయ్యకు," అని పెద్దమ్మ కళ్ళజోడు తుడుచుకుంది.