ధ్రువాల విద్యుత్ పటం, కృష్ణా డెల్టా ఆకాశం: తెలుగు నేలమీది కొలతల పాత్ర

సారాంశం

ధ్రువాల మీద, నేలకు సుమారు 110 కిలోమీటర్ల ఎత్తు దాకా దిగివచ్చి తిరిగి పైకి పోయే విద్యుత్ ప్రవాహాలను నేడు ఉపగ్రహాలూ రాడార్లూ పటాలుగా గీస్తున్నాయి. ఆ ప్రవాహాలు మారితే, దాని ప్రభావం నిమిషాల్లో అయస్కాంత మధ్యరేఖ దాకా వస్తుంది. అందువల్ల తెలుగు నేలమీది కొలతలు ధ్రువ పటాన్ని సరిచూసే సాధనాలుగా పనికొస్తాయని ఈ వ్యాసం వాదిస్తుంది.

కీలక పదాలు: అయనావరణం, బిర్కెలాండ్ ప్రవాహాలు, ఎలక్ట్రోజెట్, భూ అయస్కాంత తుఫాను, భారతి కేంద్రం

1. ఉపోద్ఘాతం

తెనాలికీ కృష్ణా నదికీ నడుమ ఉన్న కొల్లిపర సుమారు 16.3 డిగ్రీల ఉత్తర అక్షాంశం, 80.7 డిగ్రీల తూర్పు రేఖాంశం మీద ఉంది. ధ్రువాలతో ఈ డెల్టా పల్లెకు సంబంధం ఉంటుందని ఎవరూ అనుకోరు. అయితే అయస్కాంత మధ్యరేఖ భారతదేశపు దక్షిణ కొస మీదుగా పోతుంది. పగటివేళ ఆ రేఖ మీద తూర్పు దిశగా ఉండే విద్యుత్ క్షేత్రం అయనావరణంలోని ప్లాస్మాను పైకి లేపుతుంది. లేచిన ప్లాస్మా అయస్కాంత రేఖల వెంట ఇరుపక్కలకూ జారి, ఉత్తర దక్షిణాల్లో రెండు దట్టమైన పట్టీలుగా పేరుకుంటుంది. కొల్లిపర ఆకాశం మధ్యరేఖకూ ఉత్తర పట్టీకీ నడుమ ఉంది. ఆ విద్యుత్ క్షేత్రం కాస్త పెరిగినా తగ్గినా ఇక్కడి ఎలక్ట్రాన్ల సాంద్రత మారుతుంది. ఉపగ్రహ సంకేతాలతో స్థానం గుర్తించే ప్రతి పరికరం లెక్కలోనూ ఆ మార్పు తేడా తెస్తుంది.

భూ అయస్కాంత తుఫాను రోజుల్లో ఈ క్షేత్రాన్ని శాసించేది ధ్రువాల మీది పరిస్థితే.

2. ధ్రువ పటం ఎలా తయారైంది

నార్వే శాస్త్రవేత్త క్రిస్టియన్ బిర్కెలాండ్ 1899–1900లోనూ 1902–03లోనూ ఉత్తర ధ్రువ ప్రాంతానికి పరిశోధన యాత్రలు నడిపి, ధ్రువజ్యోతుల వేళ అయస్కాంత సూదులు చలించడానికి కారణం అంతరిక్షం నుంచి అయస్కాంత రేఖల వెంట దిగే ప్రవాహాలేనని ప్రతిపాదించాడు. నేలమీది కొలతలతోనే దాన్ని రుజువు చేయడం సాధ్యం కాలేదు. 1960లలో ఉపగ్రహాల కొలతలు వచ్చాకే ఆ ప్రవాహాలున్నాయని తేలింది. 1976లో ఇజిమా, పొటెమ్రా ట్రయాడ్ ఉపగ్రహం కొలతలతో వాటి అమరికను గీశారు. ధ్రువానికి దగ్గరగా ఉన్న వలయాన్ని ఒకటో మండలమనీ, దానికి వెలుపల మధ్యరేఖ వైపున్న వలయాన్ని రెండో మండలమనీ అన్నారు. ఒకటో మండలంలో ప్రవాహం ఉదయపు వైపున కిందికి దిగి, సాయంత్రపు వైపున పైకి పోతుంది. రెండో మండలంలో ఇది తారుమారు.

నేడు ఆంపియర్ ప్రాజెక్టు, సుమారు 780 కిలోమీటర్ల ఎత్తున తిరిగే ఇరిడియం సమాచార ఉపగ్రహాల్లోని అయస్కాంతమాపకాల ఆధారంగా ఈ రెండు వలయాల పటాన్ని నిమిషాల వ్యవధితో గీస్తోంది. సూపర్‌డార్న్ రాడార్లు ప్లాస్మా ప్రవహించే దిశనూ వేగాన్నీ చూపుతున్నాయి.

3. ధ్రువం నుంచి మధ్యరేఖకు

సౌరగాలితో వచ్చే అయస్కాంత క్షేత్రం దక్షిణానికి తిరిగితే ఒకటో మండల ప్రవాహం వెంటనే బలపడుతుంది. దానికి ఎదురు నిలిచి, కింది అక్షాంశాలకు విద్యుత్ క్షేత్రం చొరబడకుండా ఆపేది రెండో మండలం. అది బలం పుంజుకోవడానికి మాత్రం కొంత సమయం పడుతుంది. దుగ్గిరాల లాకుల దగ్గర పైనుంచి నీరు ఒక్కసారిగా ఎక్కువైతే, తలుపులు దించేలోపు కొంత నీరు దిగువకు పోయే తీరుగా, ఈ వ్యవధిలో ధ్రువ విద్యుత్ క్షేత్రం మధ్యరేఖ దాకా చొచ్చుకొస్తుంది. పగటి భాగంలో అది తూర్పు దిశగా పనిచేసి ప్లాస్మాను మరింత పైకి ఎత్తుతుంది. సౌరగాలి క్షేత్రం మళ్లీ ఉత్తరానికి తిరిగితే ఒకటో మండలం ముందుగా నీరసిస్తుంది, రెండోది ఇంకా బలంగానే ఉంటుంది. అప్పుడు మధ్యరేఖ మీద క్షేత్రం పడమరకు తిరుగుతుంది. ధ్రువాల దగ్గరా మధ్యరేఖ దగ్గరా అయస్కాంత కదలికలు ఒకే లయలో సాగుతాయని నిషిదా 1968లోనే చూపాడు.

2015 మార్చి 17 నాటి తుఫాను దీనికి మంచి నిదర్శనం. భారత కాలమానం ప్రకారం ఉదయం సుమారు 10:15కు తుఫాను తాకిడి మొదలైంది. క్షేత్రం రెండోసారి బలంగా చొరబడేసరికి మన దేశంలో పొద్దు వాలుతోంది. చొరబడే క్షేత్రం సంజవేళ ప్రాంతాల్లో ఎక్కువ ప్రభావం చూపుతుందని భారతీయ భూ అయస్కాంత సంస్థకు చెందిన ఎస్. తులసీరామ్, సహ పరిశోధకులు ఈ తుఫాను ఆధారంగా నిరూపించారు. పగలూ రాత్రీ కలిసే చోట అయనావరణపు వాహకత చప్పున మారిపోవడమే కారణం. అంటే ధ్రువాల్లో ఏం జరిగిందన్నది ఒక్కటే చాలదు. అది జరిగినప్పుడు కొల్లిపరలో పొద్దు ఎక్కడుందన్నదీ అంతే ముఖ్యం.

4. తెలుగు నేలమీది కొలతలు

ఆంధ్ర విశ్వవిద్యాలయంలో బి. రామచంద్రరావు నాయకత్వంలో అయనావరణ పరిశోధన వేళ్లూనుకుంది. వాల్తేరులో దూరదూరంగా నిలిపిన రిసీవర్లకు, పైనుంచి పరావర్తనమై వచ్చే రేడియో తరంగాల హెచ్చుతగ్గులు ఎంత తేడాతో చేరుతున్నాయో చూసి, అయనావరణ చలనాన్ని లెక్కకట్టేవారు. హైదరాబాద్‌లోని జాతీయ భూభౌతిక పరిశోధన సంస్థ 1964 నుంచి భూ అయస్కాంత క్షేత్రాన్ని నమోదు చేస్తోంది. మధ్యరేఖ మీది ఎలక్ట్రోజెట్ అన్న సన్నని విద్యుత్ ప్రవాహం ప్రభావం హైదరాబాద్ దాకా పెద్దగా రాదు. అందుకే దక్షిణ కొసనున్న కేంద్రం కొలతలోంచి హైదరాబాద్ కొలతను తీసివేస్తే ఎలక్ట్రోజెట్ బలం విడిగా తేలుతుంది. తిరుపతి దగ్గర గాదంకిలో 53 మెగాహెర్ట్జ్ ఎమ్మెస్టీ రాడార్ 1024 ఆంటెన్నాలతో పనిచేస్తోంది. కొల్లిపరకు చేరువలోని వడ్డేశ్వరంలో కె.ఎల్. విశ్వవిద్యాలయ పరిశోధకులు ఉపగ్రహ సంకేతాల నుంచి ఎలక్ట్రాన్ల మొత్తాన్ని గణించి, ముందస్తు అంచనాల నమూనాలు రూపొందిస్తున్నారు.

దక్షిణ ధ్రువ ఖండంలో భారత్‌కు మైత్రి, భారతి కేంద్రాలున్నాయి. మైత్రి ధ్రువజ్యోతి వలయపు వెలుపలి అంచుకు చేరువలో ఉంటే, 2012లో మొదలైన భారతి అయస్కాంత అక్షాంశం లెక్కన ధ్రువానికి మరింత దగ్గర. భారతి రేఖాంశం 76.2 డిగ్రీలు, గాదంకిది 79.2, వడ్డేశ్వరానిది 80.6. భూగోళ పటంలో ఇవి దాదాపు ఒకే వరసలో కనిపిస్తాయి. ఇక్కడే జాగ్రత్త అవసరం. అయస్కాంత అక్షం భూభ్రమణ అక్షానికి ఒరిగి ఉంటుంది కనుక, ధ్రువాల దగ్గర ఆ అక్షం లెక్కన కట్టే సమయం సూర్యుణ్ని బట్టి కట్టే సమయంతో కలవదు. కొల్లిపరలో సూర్యుడు నడినెత్తికి రావడానికి మన గడియారంలో సగటున మధ్యాహ్నం 12:07 అవుతుంది. భారతిలో అయస్కాంత మధ్యాహ్నం అదే గడియారంలో సుమారు మూడున్నర దాటాకే వస్తుంది. రేఖాంశం ఒకటే కదా అని రెండు కొలతలను నేరుగా పోల్చితే ఉదయపు ప్రవాహాన్ని మధ్యాహ్నపు క్షేత్రంతో ముడిపెట్టినట్టవుతుంది. ప్రతి కేంద్రానికీ అయస్కాంత స్థానిక సమయం కట్టి, ఆపైన పోల్చాలి.

5. ప్రతిపాదన

ఒకటి, ప్రతి పెద్ద తుఫానుకూ ఆంపియర్ పటం, భారతి, మైత్రి, హైదరాబాద్, గాదంకి, వడ్డేశ్వరం కొలతలను ఒకే కాలరేఖ మీద పేర్చాలి. 2024 మే 10 రాత్రి సుమారు 10:35కు మొదలై, లద్దాఖ్‌లోని హాన్లే ఆకాశాన్ని ఎర్రబరచిన తుఫానుతో ఈ పని మొదలుపెట్టవచ్చు. రెండు, ఆ పేర్పును పరీక్షగా వాడాలి. పటంలో ఒకటో మండలం ముందు పెరిగి రెండోది వెనకబడినప్పుడు, పగటి ఎలక్ట్రోజెట్ నిమిషాల్లో బలపడాలి. బలపడకపోతే పటంలో లోపమైనా ఉండాలి, తుఫాను వేడికి ధ్రువాల నుంచి మళ్లిన గాలులు పుట్టించే ఎదురు క్షేత్రమైనా అడ్డుపడి ఉండాలి. ఆ గాలుల ప్రభావం సాధారణంగా గంటల ఆలస్యంతో వస్తుందని బ్లాంక్, రిచ్‌మండ్ 1980లో వివరించారు. కాబట్టి ఆలస్యాన్ని కొలిచి రెండు కారణాలనూ విడదీయవచ్చు.

6. ముగింపు

ధ్రువ పటాన్ని గీసే ఉపగ్రహాలు ఆ ప్రవాహాలను వాటి దారిలోనే కొలుస్తాయి. వాటి ఫలితం ఎంత దూరం చేరిందో చెప్పగలిగేవి మధ్యరేఖకు చేరువలోని కేంద్రాలే. దశాబ్దాల అయస్కాంత నమోదులు, పెద్ద రాడార్, విశ్వవిద్యాలయాల్లో శిక్షణ పొందిన పరిశోధకులు తెలుగు నేలకు ఉన్నారు. ఈ వనరులను వేరువేరు సంస్థల లెక్కలుగా కాక ఒకే పరిశీలన వరుసగా కూర్చాలి. అలా కూర్చి, ఫలితాలను విద్యార్థులకు అందుబాటులో పెడితే, ధ్రువ విద్యుత్ పటాల నిర్మాణంలో మన పరిశోధకులు నేరుగా భాగస్వాములవుతారు.