ఇనుపటోపి పుట్టుపూర్వోత్తరములు

మొదటి ప్రపంచ యుద్ధమునాటి ఛాయాపటములు చూచినవారికి ఆంగ్ల సైనికుల తలలపై బోర్లించిన మూకుడువంటి టోపి జ్ఞప్తియందుండును. చూచుటకు అందములేనిదే. అయినను దాని చరిత్ర యందు మన దేశమునకు గల సంబంధము ఈ సంచిక పాఠకులకు తెలియదగినది.

శిరస్త్రాణము మనకు క్రొత్తది కాదు. మన మంత్రాలయమునకు తుంగభద్ర ఆవలియొడ్డున, రాయచూరుకడ, 1520లో శ్రీకృష్ణదేవరాయలు యుద్ధము చేసెను. ఆ రోజులలో విజయనగరమును దర్శించిన పోర్చుగీసు యాత్రికుడు దోమింగో పాయెస్, రాయల రౌతులు మెడను గూడ కప్పు అంచులుగల శిరస్త్రాణములు ధరించిరని వ్రాసియున్నాడు. తరువాత తుపాకులు బలపడినకొలది ఈ బరువంతయు వ్యర్థమని తోచి కవచములు మూలబడినవి. 1914లో ఆంగ్లేయులు, ఫ్రెంచివారు గుడ్డటోపీలతోను, జర్మనులు తోలుటోపీలతోను యుద్ధమునకు దిగిరి.

కాని ఆ యుద్ధము కందకముల యుద్ధమైపోయినది. కందకములో నిలిచినవానికి అపాయము ఎదుటనుండి కంటె పైనుండి ఎక్కువ. ష్రాప్నెల్ గుండు ఆకాశమున ప్రేలి సీసపు గోలీలను వడగండ్లవలె కురిపించును. గుడ్డ వానిని ఆపునా? ఫ్రెంచి సేనలో ఆద్రియాన్ అను అధికారి 1915లో మెత్తని ఉక్కుతో ఒక టోపి చేయించెను. అదే సంవత్సరము ఆగస్టులో లండనునందు జాన్ బ్రోడీ అనునాతడు తన నమూనాకు పేటెంటు పొందెను. ఇదియే మనము చెప్పుకొనుచున్న మూకుడు టోపి.

దీని తయారీ చూడదగినది. ఫ్రెంచి టోపి పెక్కు ముక్కలను కూర్చి చేసినది. బ్రోడీ టోపి ఒకే రేకు. మిల్లీమీటరుకంటె కొంచెము పలుచని గుండ్రని ఉక్కు బిళ్ళను అచ్చుపై నుంచి యంత్రముతో అదిమిన గిన్నెయు అంచును కలిసియే రూపొందును. మొదట మెత్తని ఉక్కునే వాడిరి. షెఫీల్డు నగరపు లోహశాస్త్రవేత్త సర్ రాబర్టు హ్యాడ్‌ఫీల్డు సూచనపై కొద్దికాలములోనే మాంగనీసు ఉక్కునకు మారిరి. ఇది ఆయన 1882లో కనిపెట్టినది. (మన ఢిల్లీ ఇనుపస్తంభమును పరీక్షించిన శాస్త్రజ్ఞులలో ఈయనయు ఒకడు.) నూటికి పండ్రెండు పాళ్ళు మాంగనీసు కలిసిన ఈ ఉక్కునకు ఒక వింత గుణము గలదు: దెబ్బ తగిలినకొలది గట్టిపడును. శత్రువు గోలీ తాకినప్పుడు అది మేలే. కాని కర్మాగారములో అచ్చు అదుముచుండగనే బిగిసిపోవుటచే, లోతుగా చేయబోయిన రేకు పగులును. ఆ టోపి లోతు తక్కువై మూకుడువలె నుండుటకు ఇదియొక కారణము. పైనుండి పడు గోలీలను అది బాగుగనే ఆపెడిది. మెడను మాత్రము కాపాడజాలదు. ఈ విషయమున రాయల కమ్మరులు మేలనిపించును! పిమ్మట వాడియైన అంచునకు మెత్తని ఇనుప పట్టీ చుట్టిరి. ఎండకు మెరయకుండ ఇసుక గాని రంపపుపొట్టు గాని చల్లి రంగు వేసిరి. 1938లో లోపలి అమరిక మార్చి రెండవ యుద్ధమునకును దీనినే వాడిరి.

ఇక ఆ మాంగనీసు సంగతి. భారతదేశమున మాంగనీసు త్రవ్వకము మొట్టమొదట ఆరంభమైనది మన తెలుగునాటనే, 1892 ప్రాంతమున, విజయనగర సీమలో. గర్భాము, కోడూరు గనుల నల్లరాయి ఓడలకెక్కి సీమకు పోయెడిది. కొన్నియేండ్లలో మధ్యపరగణాల గనులు వీనిని మించినవి. 1914 చివర నల్లసముద్రపు దారి మూతపడి రష్యా ఖనిజము ఆగిపోగా, ఆంగ్లేయుల ఉక్కు కొలుములు మిక్కిలిగా భారతదేశపు మాంగనీసుపై ఆధారపడవలసివచ్చినది.

ఇట్లు మన నేలనుండి ఖనిజము పోయినది; మనుష్యులును పోయిరి. లాహోరు, మీరటు పదాతి డివిజనులు 1914 అక్టోబరునాటికే ఫ్రాన్సు, బెల్జియముల కందకములలో నిలిచినవి. వారిలో అధికులు పంజాబీలు, గఢ్వాలీలు, గూర్ఖాలు. చలికి తగిన దుస్తులు సైతము మొదట లేవు. తలపాగాలతోను, గుడ్డటోపీలతోను 1915 మార్చి 10 మొదలు 13 వరకు న్యూవ్ షపెల్ గ్రామమువద్ద పోరిరి. ఆ నాలుగు దినములలో భారత దళమునకు కలిగిన నష్టము, చనిపోయినవారును గాయపడినవారును కలిసి, నాలుగువేలకు పైబడినది. 1915 చివర ఆ పదాతి డివిజనులను మెసపొటేమియాకు తరలించిరి.

ఇనుపటోపీలు మొదట కొలదిగా వచ్చినవి. కందకమున కావలి దిగిపోవు దళము వానిని తరువాతి దళమునకు అప్పగించి పోవలసియుండెడిది. అందరికి చాలునన్ని చేరినది 1916 వేసవినాటికి. అప్పటికి మన పదాతిదళములు ఆ కందకములను విడిచి కొన్ని నెలలైనది. న్యూవ్ షపెల్‌లో 1927న ఆవిష్కరింపబడిన స్మారక చిహ్నముపై, సమాధియైనను తెలియని 4,700 మందికి పైగా భారతీయుల పేర్లు చెక్కబడియున్నవి.